ఆ జోకుకి నవ్విందెవరు

మార్చి 3

లైబ్రరీ సెక్రటరీ ఫోన్ చేశాడు. అందరూ ఆయన్ని మైకు అంటారు. ఎంత పెద్ద హాలైనా ఆయనకి మైకు అక్కర్లేదు కాబట్టి. నెలాఖరు ఆదివారం డిబేట్ పెట్టారట. పాత టీవీ కామెడీ సీరియల్స్‌లో అందరూ ఒకేలాంటి మనుషులెందుకు, అది తప్పా కాదా అని. తప్పే అనే పక్షాన మా అమ్మాయి మాట్లాడుతుందట. కాదనే పక్షాన నా పేరు వేసేశాడట.

అడక్కుండా ఎలా వేస్తారన్నాను. తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా నిలబడితే హాలు నిండుతుంది సార్, పోయిన నెల ఆరోగ్యం మీద పెడితే నేనూ డాక్టరూ మాత్రమే మిగిలాం, అన్నాడు.

వద్దని పెట్టేశాను.

సాయంత్రం అమ్మాయి ఫోన్. వద్దన్నావటగా, మంచి పని చేశావు నాన్నా, ఆ ‘పక్క వాటా’ సీరియల్‌ని వెనకేసుకురావడానికి నీ దగ్గర మాత్రం ఏముందిలే, అంది.

మైకుకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

మార్చి 4

‘పక్క వాటా’ మూడో డిస్క్. తను బాగా నవ్వింది.

మార్చి 6, సాయంత్రం

ఇది ఎవరికీ చెప్పలేదు. రాసుకుంటే తప్పు లేదు.

పెళ్ళైన కొత్తలో మేమున్న వీధి చివర స్టూడియో ఉండేది. ‘పక్క వాటా’ అక్కడే తీసేవారు. జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళ ముందు నాటకంలా ఆడి, వాళ్ళ నవ్వుని కూడా రికార్డు చేసేవారు. నవ్వడానికి మనుషులు కావాలి కదా. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళని పిలిచేవారు. టీ, బిస్కెట్లు ఇచ్చేవారు. మొదటిసారి వచ్చినవాళ్ళకి ఒక స్టీలు డబ్బా. మా ఆవిడ డబ్బా కోసమే వెళ్ళింది. తర్వాత అలవాటుగా వెళ్ళింది. ఆ డబ్బాలో ఇప్పుడు కాఫీ పొడి ఉంది.

సీరియల్ టీవీలో వచ్చేటప్పుడు, అదిగో నేను, అదిగో నేను, అని నా మోకాలి మీద కొట్టేది. నాకూ తెలిసిపోయేది. తన నవ్వు మెట్టెక్కుతుంది. ముందు పెద్దది ఒకటి. ఆగుతుంది. అయిపోయిందనుకునే లోపు, పైన ఇంకో చిన్నది.

తను పోయిన వానాకాలం నుంచి రోజూ ల్యాబ్ నుంచి రాగానే ఒక డిస్క్ పెడతాను. చూడను. వంటింట్లో నిలబడి వింటాను. ఫోటోలు చాలానే ఉన్నాయి. గొంతు లేదు. వీడియో తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేది. ఉన్నది ఈ నవ్వులే. ప్రతి డిస్క్‌లోనూ ఉన్నాయి. తరగనన్ని ఉన్నాయి.

డిబేట్‌లో ఇది చెప్పుకోలేను. కాబట్టి పాయింట్లు ఆలోచించాలి.

మార్చి 9, ఆదివారం

అమ్మాయి, అల్లుడు భోజనానికి వచ్చారు. మొదటి ముద్దకే మొదలైంది.

ఆ సీరియల్ మేడలో ఎన్ని వాటాలు నాన్నా, అని అడిగింది. ఐదు, అన్నాను. ఐదింట్లోనూ ఒక్క కుటుంబమే కాపురం ఉన్నట్టు లేదూ, అంది. ఒకటే రంగు, ఒకటే యాస, ఒకటే రకం పేర్లు. వేరే యాసవాడు ఒక్క ఎపిసోడ్‌కి అద్దెకి దిగుతాడు. వాడి మాటకి అందరూ పడీ పడీ నవ్వుతారు. ఆఖర్న వాడు సామాను సర్దుకుని పోతాడు. కర్ర పట్టుకుని కుంటుతూ ఒకాయన వస్తే, ఆయన దొంగని తేలుతుంది.

కామెడీ అమ్మా అది, జనాభా లెక్కలు కాదు, అన్నాను.

నువ్వు నీళ్ళు టెస్ట్ చేస్తావు కదా నాన్నా, ఒక్క కుళాయి దగ్గరే సీసాలన్నీ నింపుకొచ్చి ఊరంతా నీళ్ళు బాగున్నాయని రాస్తే సంతకం పెడతావా, అంది.

నా పనినే నా మీదకి తిప్పింది. ఒళ్ళు మండింది. ఆ కాలం అంతే, అన్నాను.

ఆ కాలంలో నల్లగా ఎవరూ పుట్టలేదా, నేను పుట్టానుగా, అమ్మ అప్పటికే ఉందిగా, అంది.

అల్లుడు గిన్నె ఇటు జరుపుతూ, మామయ్యగారూ, నన్ను లాగకండి, తెల్లగా పుట్టినందుకు నేను ఇంట్లో ఇప్పటికే పడుతున్నాను, అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పాపం, తల దించుకుని తిన్నాడు.

ఆ సీరియల్‌లో పనిమనిషి పాత్ర ఒకటుంది. అందరూ బొగ్గు అని పిలుస్తారు. వేసినావిడ నిజానికి తెల్లగా ఉంటుందట, మసి రంగు పూశారట. చెమట పట్టిన సీన్లో చెవి వెనక తెల్లగా కనిపిస్తుంది చూడు, అంది అమ్మాయి. నల్లవాళ్ళని వెక్కిరించే ఉద్యోగం కూడా నల్లవాళ్ళకి ఇవ్వలేదు నాన్నా, అంది.

అంతవరకు వాదనే. తర్వాత గొంతు తగ్గించింది. స్కూల్లో నన్ను ఏమని పిలిచేవారో నీకు తెలుసా, అంది. తెలీదన్నాను. బొగ్గు, అంది.

ఆ రోజుల్లో సీరియల్ మళ్ళీ మళ్ళీ వేసేవారు. కరెంటు పోయే ఎపిసోడ్ ఉంది. చీకట్లో ఇంటి ఓనరు, బొగ్గూ, కాస్త పళ్ళు చూపించవే, తొక్కకుండా నడుస్తాం, అంటాడు. క్లాసులో లైటు ఆరితే చాలు, అందరూ కలిసి అదే మాట అనేవారట. ఒక సాయంత్రం ఏడ్చి ఏడ్చి ఇంటికొచ్చి, ఇవాళైనా చెబుదామని వాళ్ళమ్మ పక్కన కూర్చుందట. సరిగ్గా అదే ఎపిసోడ్ వస్తోంది. అదే జోకు. టీవీలోంచి నవ్వు. మెట్టెక్కే నవ్వు.

ఆ హాల్లో అమ్మ కూడా నవ్వింది నాన్నా, అంది. అందుకే చెప్పలేదు, అంది.

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. అన్నం సగం అలాగే ఉంది.

మార్చి 10

ల్యాబ్‌కి సెలవు పెట్టాను. డిస్క్ పెట్టలేదు.

మార్చి 12

పెట్టాను. ఆ ఎపిసోడే. వంటింట్లోంచి కాదు, ఎదురుగా కూర్చుని.

తనే. అనుమానం లేదు. పెద్దది, ఆగడం, చిన్నది.

ముందు అమ్మాయి మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని ఇప్పుడా చెప్పడం, వాళ్ళమ్మ జవాబు చెప్పుకోలేనప్పుడా. తర్వాత తన మీద వచ్చింది. నీ రంగు పిల్లే కదా, ఎలా నవ్వావు అని ఫోటోని అడగబోయాను. అడగలేదు. ఫోటో ముందు నిలబడి తిట్టే మనిషిని కాను. మెచ్చుకునే మనిషినీ కాను.

ఇక ఏ డిస్క్ పెట్టినా, ఎక్కడ నవ్వినా, దేనికి నవ్విందో చూడాల్సి వస్తుంది.

మార్చి 14

మైకు ఇంటికొచ్చాడు. టీ తాగాడు. ఇంకో టీ తాగాడు. సార్, మీరు లైట్‌గా మాట్లాడండి, ఆ రోజుల్లో ఎవరికీ కోపాలు లేవు, అందరూ హాయిగా నవ్వుకున్నారు, ఇదొక్కటి పట్టుకుంటే చాలు, చప్పట్లు నేను చూసుకుంటాను, అన్నాడు. అమ్మాయిగారు సీరియస్‌గా వస్తారు, సీరియస్‌కి మన హాల్లో ఫ్యాను గాలి కూడా చాలదు, అన్నాడు.

ఆ సీరియల్‌కి సౌండ్ చూసినాయన లైబ్రరీ మెంబరేనట. పిలుద్దామా అంటే వద్దట. స్టేజీ ఎక్కితే దిగడట.

పక్కనున్న పేపరు మీద ఆయన అడ్రస్ రాయించుకున్నాను. ఎందుకో తెలీదు.

మార్చి 15, శనివారం

ల్యాబ్‌లో ఒకటి జరిగింది. కొత్తగా చేరినమ్మాయి రెండు రిపోర్టులు తెచ్చింది. రెండు వేర్వేరు బోర్ల నీళ్ళు. ఉప్పు, ఫ్లోరైడ్, మురికి, అన్నీ చివరి అంకె దాకా ఒకటే. ఎంత బాగా కలిశాయో చూడండి సార్, అంది మురిసిపోతూ. అలా కలవవమ్మా, అన్నాను. పక్క పక్క బోర్లైనా కలవవు. కలిశాయంటే ఎవడో ఎండకి బద్ధకించి రెండో బోరు దాకా పోలేదు. ఒక్క చోటే రెండు సీసాలు నింపాడు.

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మూత తీసిన సీసా చేతిలో ఉండగా.

ఇంటికొచ్చి కరెంటు ఎపిసోడ్ పెట్టాను. నవ్వు తర్వాత ఒక చప్పుడు ఉంది. రేకు నేల మీద పడి గిర్రున తిరిగినట్టు. ఇంకో డిస్క్ పెట్టాను. వేరే జోకు. తన నవ్వు. వెనకే అదే చప్పుడు, అంతే సేపు తిరిగి ఆగింది. ఇంకోటి. అదే.

అప్పుడు బొమ్మ కూడా చూశాను. కరెంటు పోయే సీన్లో ఓనరు చేతికి కట్టు ఉంది. నిజం కట్టే. ఆయన షూటింగ్‌లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, కట్టుతోనే నటింపజేశారు. పేపర్లో వేశారు. ఆ వార్త తనకి చదివి వినిపించింది నేనే. ఆస్పత్రి వార్డులో. డాక్టరు మంచం దిగొద్దంది. అమ్మాయి పుట్టబోయే ముందు నెలంతా అక్కడే ఉన్నాం. అయ్యో, కట్టుతో ఎలా చేశాడో, చూడలేకపోయానే, అంది తను.

తను ఆ హాల్లో లేదు. ఆ జోకు వినలేదు.

మార్చి 16

నిన్నటి సంతోషం ఇవాళ్టికి లేదు.

పొద్దుట్నుంచి డిస్కులన్నీ తిప్పాను. తన నవ్వు వచ్చిన ప్రతి చోటా మూత పడుతోంది. మూతే అది. స్టీలు డబ్బా మూత. మొదటి రోజు ఇంటికొచ్చి చెప్పింది, ఒళ్ళో డబ్బా మూత జారి పడింది, హాలంతా నా వైపే చూశారు, సిగ్గుతో చచ్చాను, అని.

అన్నీ ఆ మొదటి రోజు నవ్వే. ఒక్క సీసా. అన్ని చోట్లా అదే పోశారు.

తర్వాత వెళ్ళినప్పుడల్లా నవ్వే ఉంటుంది. అవేవీ ఉంచలేదు. లేదా వందమంది నవ్వులో కలిసిపోయాయి. ఇల్లంతా ఉందనుకున్నాను. గుప్పెడు కూడా లేదు.

అమ్మాయికి చెబితే తన మీద మచ్చ పోతుంది. చెప్పానంటే నాకు మిగిలింది ఒక్క నవ్వేనని ఒప్పుకున్నట్టే.

మార్చి 18

సౌండాయన దగ్గరికి వెళ్ళాను. చెవుల్లో మిషన్లు. బెల్లు వినపడక కిటికీలోంచి పిలవాల్సి వచ్చింది. సౌండ్ మనిషికి చెవుడేమిటని నవ్వుకోండి, ముందే అన్నీ వినేశాను కాబట్టి ఇప్పుడు సెలవు, అన్నాడు. ఆ సీరియల్ అన్నేళ్ళు నడిచింది నా వల్లే, నటులు నోరాడించారు, నవ్వించింది నేను, అన్నాడు.

మూత పడే నవ్వు అన్నాను. లేచి నిలబడ్డాడు. మా బంగారమండీ అది, ఎవరా అమ్మాయి, అన్నాడు. మా ఆవిడ, అన్నాను. ఉన్నారా, అన్నాడు. లేదన్నాను. కూర్చున్నాడు.

జోకు పేలని చోటల్లా ఆ నవ్వు వేసేవాణ్ణి, దాని వెనక ఎంత చచ్చిన హాలైనా లేచి కూర్చునేది, అన్నాడు. మూత కోసేద్దామంటే చివరి చిన్న నవ్వు కూడా తెగేది, అందుకే ఉంచేశాను, అన్నాడు.

కరెంటు ఎపిసోడ్ గురించి అడిగాను. బాగా గుర్తుందట. ఎందుకంటే ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది ఆ పనిమనిషి పాత్ర రంగే కదండీ, రాళ్ళలా కూర్చున్నారు, అన్నాడు. డైరెక్టరు నా మీద పడ్డాడు, హాలు చచ్చింది, ఏదో ఒకటి చెయ్యమని. మీ ఆవిడ నవ్వు వేశాను, సీను బతికింది, అన్నాడు. ఇందులో ఆయనకి తప్పేమీ కనిపించలేదు. నాకు చెయ్యెత్తాలనిపించింది. ఆయన బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపాడు.

అసలు ఆ నవ్వు దేనికి నవ్విందని అడిగాను. అది ఏ ఎపిసోడ్‌లోనూ లేదట. షూటింగ్ మొదలయ్యే ముందు ఒకాయన వచ్చి జనంతో సరదాగా మాట్లాడేవాడట, నవ్వులకి దారి పడటానికి. ముందు వరసలో ఉన్న తనని అడిగాడట, మీరెందుకొచ్చారమ్మా అని. తను చెప్పిందట.

మా ఆయన నవ్వరండీ. ఇంట్లో నేనొక్కదాన్నే నవ్వాలి. ఇక్కడైతే తోడుంటారని.

అని, తన మాటకి తనే నవ్వింది. మూత పడింది.

వాడిన ప్రతిసారీ ఆ మాట విని, దాని తర్వాత నుంచి కోసేవాణ్ణండీ, అందుకే నోటికొచ్చు, అన్నాడు.

మార్చి 20

ఫోన్ తీశాను. పెట్టేశాను.

మార్చి 23, ఆదివారం

అమ్మాయిని రమ్మన్నాను. ఒక్కతే వచ్చింది. డిబేట్ పాయింట్లు దొంగిలించడానికా, అంది. కూర్చోమన్నాను. కట్టు చూపించాను. ఆస్పత్రి చెప్పాను. మూడు డిస్కుల్లో మూత వినిపించాను. హాల్లో ఎవరూ నవ్వలేదని చెప్పాను. తను చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. అది నా గురించి.

రిమోట్ తీసుకుని మూడోది తనే మళ్ళీ వేసుకుంది. తర్వాత, ఆ రోజు అమ్మ అంది నాన్నా, నేనెప్పుడు నవ్వానే దీనికి అని. నాటకాలాడుతోందనుకున్నాను. అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను, అంది.

ఏడవలేదు. కోపం వచ్చింది. ఒకామె నవ్వు కోసుకొచ్చి ఆమె బిడ్డ మీదే వేశారు కదా, అంది. డిబేట్‌లో ఇది వినిపిస్తాను, అంది.

వద్దన్నాను. ఎందుకంది. వద్దంటే వద్దన్నాను.

డిస్కులన్నీ కవర్లోంచి తీసి, తుడిచి, వరసగా పెట్టి ఉండటం చూసింది. వంటింటి వైపు తిప్పిన స్పీకర్ చూసింది. రోజూ వింటున్నావా నాన్నా, అంది.

ఇంకో కప్పు కాఫీ కావాలా అన్నాను. కావాలంది. డబ్బా మూత నెమ్మదిగా తీశాను.

మార్చి 30, సాయంత్రం

హాలు నిండింది. మైకు గుమ్మం దగ్గర నిలబడి అందరినీ లెక్కపెట్టుకుంటూ మురిశాడు.

అమ్మాయి బాగా మాట్లాడింది. ఐదు వాటాలు, వేరే యాసవాడు, కర్రాయన, చెవి వెనక తెలుపు. స్కూలు మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ మాట ఎత్తలేదు. మాట నిలబెట్టుకుంది.

నా వంతు. పాయింట్లు జేబులో ఉన్నాయి. ఆ కాలం అంతే అనేది మొదటిది. లేచి, కరెంటు సీను వెయ్యమన్నాను. జేబులో డిస్క్ పెట్టుకునే వచ్చానని అప్పటిదాకా నాకే ఒప్పుకోవాలనిపించలేదు.

బొగ్గూ, కాస్త పళ్ళు చూపించవే. ముందు వరసలో పెద్దవాళ్ళు కొందరు నవ్వారు. టీవీలో తను నవ్వింది. మూత పడింది. ఆపమన్నాను.

ఆ నవ్వు మా ఆవిడది, ఈ జోకు చెప్పిన రోజు ఆవిడ ఆస్పత్రిలో ఉంది, అన్నాను. ఆ రోజు ఆ హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అందుకే ఇంకో రోజు నవ్వు తెచ్చి అతికించారు. ఆ కాలం అంతే అని చెప్పడానికి వచ్చాను. ఆ కాలం నవ్వలేదు, అన్నాను. కూర్చున్నాను.

చప్పట్లు రాలేదు. మైకు వంగి, ఆయన లెక్కన రహస్యంగా, అంటే హాలంతటికీ వినపడేలా, ఇంతకీ మీరు ఏ పక్షం సార్, అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఎవరూ అతికించలేదు.

తర్వాత ముందు వరస పెద్దాయన దగ్గరికొచ్చాడు. అర్థమైందేమో అనుకున్నాను. మీ ఆవిడ ఎంత బాగా నవ్వారండీ, ఆ డిస్కులు ఎక్కడ దొరుకుతాయి, అన్నాడు. ఇంకొకామె, ఇప్పుడు జోకులే వెయ్యకూడదంటే ఎలా బతకాలండీ అని నన్నే నిలదీసింది. ఒక్కరికీ ఎక్కలేదు. ఇంత చేసి.

అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది. నాకు ఎక్కింది నాన్నా, అంది. నా చొక్కా కాలరు సరిచేసింది, వాళ్ళమ్మలా కాదు, కొంచెం గట్టిగా లాగి.

అప్పుడు చెప్పాను, తను హాల్లో అన్న మాట. మా ఆయన నవ్వరండీ.

నిజమేగా, అంది.

ఏప్రిల్ 2

ఇవాళ డిస్క్ పెట్టలేదు. వంటింట్లో నిలబడి నవ్వాను. బాగా రాలేదు. మళ్ళీ నవ్వాను. డబ్బా మూత కింద పడేశాను.